కాళ్లు ముందుకు తిప్పిన మంచం

అక్కకు శుక్రవారం సాయంత్రం నొప్పులు మొదలయ్యాయి. శనివారం పొద్దెక్కేసరికి మంత్రసాని చేతులు తుడుచుకుంటూ వసారాలోకి వచ్చి, నాయన ముఖం చూడకుండా చెప్పింది.

"నా చేతిలో లేదప్పా. బిడ్డ అడ్డం తిరిగింది. ఆడోళ్ల ఆస్పత్రికి తీసకపోండి. బిన్నా పోవల్ల, తడవు చెయ్యద్దండి."

అప్పట్లో మేము తిరుపతిలో, రైలు స్టేషనుకు దగ్గరి సందులో ఉండేవాళ్లం. నాయన, నాయన్ను కన్న అవ్వ, నేను. కాన్పుకని అక్క నగరిలోని అత్తగారింటి నుంచి వచ్చింది. అమ్మ లేని పిల్లలం కాబట్టి మాకు పురుడైనా పుణ్యమైనా అవ్వ చేతి మీదే జరగాలి. ఆసుపత్రి మరీ దూరమేమీ కాదు. సందు దాటి, కొండకు పోయే పెద్దరోడ్డు వెంట కొంత నడిచి, అవతలి పక్కకు మళ్లితే చాలు. నేను ఇంట్లో చెప్పకుండా గ్రంథాలయానికి అదే దారిన చాలాసార్లు పోయి వచ్చాను.

కానీ ఆరోజు పెరటాసి శనివారం, అరవవాళ్లు వెంకన్నకు మొక్కుకునే రోజు. ఆ నెల శనివారాల్లో అరవదేశం నుంచి రైళ్లకు రైళ్లు జనం దిగుతారు. పసుపు గుడ్డలు కట్టుకుని, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని, స్టేషను నుంచి కొండ అడుగు దాకా రోడ్డు కనపడకుండా నడుస్తారు.

"జట్కా పిలుసుకొస్తా," అన్నాడు నాయన.

"ఆ కుదుపుకు ఆడనే పోతాది," అంది మంత్రసాని.

యుద్ధం వార్తల కోసం నాయన తెప్పించుకునే పత్రికను ఆయన చదివి పడేశాక నేను వంటింట్లో చదువుకునేదాన్ని. బాంబులు పడే ఏదో దూరపు పట్నంలో, గాయపడినవాళ్ల కోసం అంబులెన్సు అనే మోటారు గంట కొట్టుకుంటూ వస్తుందనీ, ఆ గంట వింటే ఎంత పెద్దవాళ్ల కార్లైనా పక్కకు తప్పుకుంటాయనీ అందులో రాశారు. మా ఊళ్లో అలాంటిది నేను చూడలేదు. పెట్రోలు దొరక్క బస్సులే వెనకాల బొగ్గుపొయ్యి తగిలించుకుని తిరుగుతున్న రోజులు. మాకు అవ్వ పడుకునే నులకమంచమే దిక్కయింది. కొండకు డోలీ మోసే నలుగురు మా వెనక వీధిలో ఉండేవారు. వాళ్లు వచ్చి మంచానికి రెండు వెదుళ్లు కట్టి, అక్కను పడుకోబెట్టి, తల ముందుకు ఉండేలా ఎత్తారు. నాయన, అవ్వ వెంట రాగా, నేను మంచం పక్కన నడుస్తూ అక్క చెయ్యి పట్టుకున్నాను. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె నా వేళ్లు విరిగిపోయేంతగా నొక్కేది.

పెద్దరోడ్డు మొదట్లోనే ఆగిపోయాం.

మోసేవాళ్లు "జరగండి, జరగండి సామీ," అని అరుస్తూనే ఉన్నారు. గోవింద నామం చెప్పుకుంటూ పోతున్న ఆ జనంలో ఎవరికి వినపడాలి? విన్నవాళ్లు కూడా డోలీలో ఎవరో కొండకు పోతున్నారనుకుని, మాకెందుకు దారి ఇవ్వాలన్నట్టు చూశారు. ఒకావిడ అరవంలో తిట్టింది. మంచం కోడు తగిలి ఎవరి బిందో దొర్లింది. అక్క పెదాలు తెల్లబడిపోతున్నాయి.

మలుపులో తాడు కట్టి, ఎర్ర తలపాగా పోలీసు ఒకాయన జనాన్ని ఆపుతూ వదులుతూ ఉన్నాడు. మా ఇళ్లల్లో పోలీసంటే భయం. వాళ్లు వీధిలోకి వస్తే తలుపులు వేసుకునేవాళ్లం. నాయన చేతులు జోడించి దగ్గరికి పోయాడు. పోలీసు మంచం చూశాడు, అక్కను చూశాడు. ఈల ఊదాడు. లాఠీ ఎత్తాడు. ముందువరస కొంచెం వెనక్కి జరిగింది, వెనకవరస దాన్ని మళ్లీ ముందుకు తోసింది. ఇంకోసారి ఊదాడు. ఆ తర్వాత ఈల జేబులో వేసుకుని నాయన చెవి దగ్గరికి వచ్చాడు.

"ఇట్ల కాదు పెద్దాయనా. బతికినోళ్లకు ఈ రోడ్డులో ఎవురూ దావ ఇయ్యరు. మంచం తిప్పండి."

"తిప్పడమంటే?"

"కాళ్లు ముందుకు. మొగం మీద దుప్పటి కప్పండి. కొండకు పోయేటోళ్లు గదా, మైల తగిలితే మళ్లా తానం చెయ్యల్ల. ఎట్ల జరుగుతారో సూడండి."

కాళ్లు ముందుకు పెట్టి, ముఖం కప్పి మోసేది శవాన్ని. అవ్వ ఆ మాట విని ఆయన మీదికి పోయినంత పని చేసింది.

"ఏమబ్బా, నీకు ఆడబిడ్డలు లేరా? ఉసురున్న బిడ్డను పాడె మీదికి ఎక్కిస్తావా? ఆ మాట నోట్లోంచి ఎట్ల వచ్చింది నీకు?"

"ఉసురు ఉండేటప్పుడే ఎక్కించల్ల అవ్వా. ఈడనే నిలబడుకోనుంటే నిజంగానే ఎక్కించే పని పడతాది."

నాయన అటూ ఇటూ చూస్తున్నాడు. నాకు తిప్పండి అని అరవాలని ఉంది. తిప్పితే అదే నిజమైపోతుందేమో అనీ ఉంది. ఎన్ని పుస్తకాలు చదివినా, పుట్టినప్పటి నుంచి అవ్వ ఒళ్లో విన్నది పోదు.

అప్పుడు మంచం మీంచి అక్క గొంతు వినపడింది.

"తిప్పు నాయనా. నేను గమ్మున పడుకుంటా."

మోసేవాళ్లు నిలుచున్నచోటే మంచాన్ని గుండ్రంగా తిప్పారు. దుప్పటి ముఖం మీదికి లాగింది నేనే. లాగేముందు అక్క నన్ను చూసి కన్ను మూసి తెరిచింది. నా చెయ్యి దుప్పటి కింద ఆమె చేతిని పట్టుకునే ఉంది.

పోలీసు తన తలపాగా తీసి చంకలో పెట్టుకుని, తల వంచుకుని మా ముందు నడిచాడు. నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి, "ఏడవండమ్మా, ఏడవకుంటే ఎవురు నమ్ముతారు?" అని గొణిగాడు.

"నేను ఏడవను. సచ్చినా ఏడవను," అంది అవ్వ.

ఆ అవసరం లేకపోయింది. నేను అప్పటికే ఏడుస్తున్నాను.

జనం ఎలా విడిపోయారో చెబితే నమ్మరు. "పిణం, పిణం" అని, అంటే శవమని, అరవంలో ఒకరికొకరు చెప్పుకుంటూ రెండు పక్కలా గోడలకు అంటుకుపోయారు. తల్లులు పిల్లల కళ్లు మూశారు. పోలీసు కూడా ఉన్నాడు కాబట్టి ఏ బావిలోనో పడిన మనిషి అనుకున్నారేమో, ఇంకా దూరం జరిగారు. ఒక ముసలావిడ మాత్రం అక్క కాళ్ల పసుపు చూసి, అయ్యో పున్నెస్త్రీ అని కళ్లొత్తుకుంది. రోడ్డంతా మాదే అయింది. మోసేవాళ్లు పరుగులాంటి నడక అందుకున్నారు.

ఆ నడకలోనే, ఎక్కడో సరిగా చెప్పలేను, నా చేతిలోని అక్క చెయ్యి వదులైపోయింది.

నేను నొక్కాను. ఆమె తిరిగి నొక్కలేదు. నొప్పి తగ్గిందేమో అనుకున్నాను. ఒప్పుకున్నట్టే గమ్మున పడుకుందేమో అనుకున్నాను. దుప్పటి ఎత్తి చూడాలి. ఎత్తితే బతికున్న మనిషని తెలిసి ఆ జనమంతా మళ్లీ మూసుకుపోతారు. దుప్పటి కదులుతోంది, కానీ అది ఊపిరికో, మోసేవాళ్ల కుదుపుకో తెలియడం లేదు. చెమట పట్టిన ఆ చేతిని పట్టుకుని, దుప్పటి మీదే చూపు పెట్టి పరిగెత్తాను.

ఆసుపత్రి వైపు మళ్లగానే జనం పలచబడ్డారు. పోలీసు తలపాగా పెట్టుకుని, "ఇంగ మీరు పోండి. తాడు కాడ ఎవురూ లేరు, మా ఇనస్పెక్టరు సూస్తే నా పని అయిపోతాది," అంటూ వెనక్కి ఉరికాడు. మేము ఆ తొందరలో మంచం తిప్పుకోవడం మరిచిపోయాం. అలాగే గేటు దాకా పోయాం.

గేటు దగ్గరి మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండాగండి. ఈడికెందుకు తెస్తిరి? శవాలు ఈ గేటున పోకూడదు. పోలీసోళ్ల చీటీ యాడ?"

"శవం కాదప్పా. మా బిడ్డ. కాన్పుకు తెచ్చినాము," అన్నాడు నాయన.

ఆ మనిషి కోప్పడలేదు. మెల్లగా, జాలిగా అన్నాడు: "కన్నోళ్లకు అట్లే అనిపిస్తాది పెద్దాయనా. ఎనకపక్కకు తీసకపోండి."

"చెయ్యి..." అన్నాను నేను. "అక్క చెయ్యి..."

మోసేవాళ్లు మంచం కిందికి దించారు. నాయన చెయ్యి దుప్పటి దాకా పోయి ఆగిపోయింది. ఎత్తలేకపోయాడు.

శవాన్ని మోసుకుపోయేటప్పుడు దారిలో ఒకచోట దించి, సొంతవాళ్లు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. దింపుడుకళ్లం అంటారు. కొసప్రాణం ఏదైనా ఉంటే పలుకుతుందని ఆశ. ఆడవాళ్లు శ్మశానం దాకా పోరు కాబట్టి అవ్వ ఆ పిలుపు ఎన్నడూ పిలిచి ఉండదు. అమ్మకు నాయన పిలిచాడట. అమ్మ పలకలేదు.

అవ్వ నేల మీద కూలబడి, దుప్పటి తీసి, అక్క చెవికి నోరు ఆనించి పేరు పెట్టి పిలిచింది. అక్క కళ్లు మూసుకునే ఉన్నాయి. రెండోసారి పిలిచింది. గేటు మనిషి తల పక్కకు తిప్పుకున్నాడు. మూడోసారి అవ్వ పిలవలేదు, అరిచింది.

"ఆఁ," అంది అక్క.

గొంతులోంచి గాలి వచ్చినట్టు వచ్చింది ఆ మాట. గేటు మనిషి ఒక్క దూకున రెండు రెక్కలూ తెరిచి, "అమ్మగారూ, అమ్మగారూ," అని అరుస్తూ లోపలికి పరిగెత్తాడు.

ఆ తర్వాత వరండాలో కూర్చున్నాం. మధ్యాహ్నం దాటాక నర్సు బయటికి వచ్చి, బిడ్డ దక్కలేదనీ, తల్లికి భయం లేదనీ చెప్పింది. మగబిడ్డట. అవ్వ అప్పుడు ఏడ్చింది.

అక్క చాలారోజులు ఆసుపత్రిలోనే ఉంది. పగటిపూట తోడు నేనే ఉండేదాన్ని. బిడ్డ మాట ఇద్దరమూ ఎత్తేవాళ్లం కాదు. లేచి కూర్చునే ఓపిక వచ్చాక ఒకరోజు నేను గంజి తాగిస్తుంటే అడిగింది.

"గేటు కాడ నా చెయ్యి పట్టుకోని నువ్వు అట్ల వణికిపోతాంటివే, ఎందుకు మే? నేను పలికినాను గదా."

"మూడోసారికి గదా పలికినావు. అంతవరకూ మా పానాలు మాలో లేవు."

అక్క గిన్నె పక్కకు నెట్టి నా వైపు చూసింది.

"మూడుసార్లూ పలికినాను. మొదటి రెండూ మీకెవురికీ ఇనపడలేదు."

అమ్మ చెవిలో నాయన పిలిచిన పిలుపు నాకు తలపుకొచ్చింది. ఆ మాట నాయన దగ్గర ఎప్పుడూ అనొద్దని, అక్కడికక్కడే ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను.