మగ్గం గుంత

ధర్మవరంలో నేతవాళ్ల కోసం కడుతున్న షెడ్డుకు కంప్యూటర్లో త్రీడీ మోడల్ చేసింది నేనే. హిందూపురం ఆఫీసులో కూర్చుని గోడలు, పైపులు, చివరికి మగ్గాల కింద కాళ్లు పెట్టుకునే గుంతలు కూడా గీశాను. ఒకదానికొకటి అడ్డం తగిలితే సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపిస్తుంది. ఒక వరస గుంతలు పునాది దూలానికి తగిలాయి. దూలం జరిపితే పనంతా మళ్లీ మొదటికొస్తుంది. మరునాడే మీటింగు. ఆ వరస గుంతలు తీసేశాను. ఎరుపు పోయింది. అందరూ మెచ్చుకున్నారు.

కాంక్రీటు ఆరాక బస్సెక్కి చూడటానికి పోయాను. మగ్గం నేసే అవ్వ ఒకామె ఆ నున్నటి నేల మీద నిలబడి ఉంది.

"ఈడ కూసుంటే కాళ్లు యాడ పెట్టుకోవాలప్పా?"

"కంప్యూటర్లో తప్పు పడిందవ్వా," అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో!

"పోనీలే నాయనా. దానికేమన్నా కాళ్లుండాయా, తెలిసేదానికి?"

సిగ్గు లేకుండా తలూపాను. మా అమ్మ నేస్తుంటే, పక్కనే అలాంటి గుంతలోకే కాళ్లు వేలాడేసుకుని పలక మీద అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి నేను.