కాఫీ పండ్లు ఉడుకుతున్న పొయ్యి దగ్గర

ఈ వారం మా నర్సులకి కొత్త డ్యూటీ పడింది. ఇంటింటికీ వెళ్లి బీపీ చూడాలట. రోజుకో మంచి విషయం తలుచుకుంటే ఆరోగ్యం బాగుంటుందని చెప్పాలట. ఆ మంచేదో వాళ్ల నోటితోనే చెప్పించి ఫోటో కూడా తీయాలి, నవ్వుతూ ఉండాలి మళ్లీ.

ఇవాళ హుకుంపేట అవతల చిలకమ్మ ఇంటికి వెళ్లాను. పెరట్లో పెద్ద డేగిసాలో ఎర్రటి కాఫీ పండ్లు ఉడుకుతున్నాయి. ఆవిడ కాఫీ తోటకి కాయ తొలిచే పురుగు పట్టింది. పక్క తోటలకి పాకకుండా పండ్లన్నీ కోసి, మరిగే నీళ్లలో వేసి, గోతిలో పూడ్చెయ్యమన్నారు అధికారులు. ఏడాదంతా కాపాడుకున్న పంటని ఆవిడే ఉడకబెట్టుకుంటోంది. పక్కనే గొయ్యి తవ్వి ఉంది.

బీపీ ఎక్కువే ఉంది. మాత్రలిచ్చాను. అడగడానికి నోరు రాలేదు, కానీ డ్యూటీ కదా.

"చిలకమ్మా, ఈ రోజు నీకు జరిగిన మంచి ఒక్కటి చెప్పు."

నన్ను తిట్టినా బాగుండేది. కర్రతో పండ్లు కలుపుతూ నిజంగానే ఆలోచించింది.

"సలికాలం గదా నర్సమ్మా. ఈ పొయ్యి కాడ సేతులు ఎచ్చగున్నాయి. నువ్వూ కాసుకో."

కాచుకున్నాను. వెచ్చగానే ఉంది. ఫోటో మాత్రం తీయలేకపోయాను.

వచ్చే వారం మళ్లీ వెళ్లి ఇదే అడగాలి. అప్పటికి ఉడకబెట్టడానికి కూడా ఏమీ మిగలదు. ఆవిడ ఏం చెప్పాలో మీకెవరికైనా తోస్తే కామెంట్లో పెట్టండి.