కంప్రెసరు నెత్తిన థర్మామీటరు

కార్ల ఇంజిన్ బలం కొలిచే ఆయనకు అసలు పేరు ఒకటుండేది. అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. ఊరందరికీ ఆయన గుర్రాలాయన. పొడవాటి రేకుల షెడ్డు, నేలలో రెండు ఇనుప రోలర్లు, ఎదురుగా నిలువెత్తు ఫ్యాను, మూల కంప్యూటరు, దాని పక్కన సెగలు కక్కే గాలి కంప్రెసరు. కారు చక్రాలను రోలర్ల మీదికి ఎక్కించి, బెల్టులతో బిగించి, యాక్సిలరేటర్ అడుగంటా తొక్కితే, ఇంజిన్‌కు ఎంత హార్స్‌పవర్ ఉందో కంప్యూటరు చెబుతుంది. ఆ సరంజామానే డైనో అంటారు. ఆయన నోట మాత్రం హార్స్‌పవర్ అనే మాట వచ్చేది కాదు, గుర్రాలే.

ఆ గుర్రాలు పంచడంలో ఆయన చెయ్యి ఎంత పెద్దదో తెలియాలంటే థర్మామీటరు సంగతి చెప్పుకోవాలి.

ఎండ మండితే గాలి పలచబడుతుంది, ఇంజిన్ నీరసిస్తుంది. చలిలో అదే ఇంజిన్ హుషారుగా లాగుతుంది. మరి వేసవిలో కొలిచిన కారునూ చలికాలంలో కొలిచిన కారునూ పక్కపక్కన పెట్టేదెలా? అందుకని గది వేడి, గాలి ఒత్తిడి, తేమ చూసి, వచ్చిన అంకెను మరో చిన్న అంకెతో హెచ్చిస్తారు. దాన్ని కరెక్షన్ ఫ్యాక్టర్ అంటారు. వేడి ఎక్కువైన కొద్దీ అదీ పెరుగుతుంది. ఉద్దేశం న్యాయమే. కాకపోతే ఆ న్యాయమంతా ఇంజిన్ గాలి పీల్చుకునే చోట వేలాడాల్సిన ఒక బుల్లి థర్మామీటరు మీద ఆధారపడి ఉంది.

గుర్రాలాయన షెడ్డులో అది కంప్రెసరు నెత్తిన వేలాడేది.

ఏడేళ్ళ కిందట ఒక బట్టల కొట్టు యజమాని కారుకు లావుపాటి సైలెన్సర్ పెట్టించుకొచ్చాడు. కొలిస్తే పాతదానికన్నా మూడు గుర్రాలు తగ్గాయి. పెద్దమనిషి ఏడుపు ఒక్కటే తక్కువ. సరిగ్గా అప్పుడే గోడకున్న మేకు ఊడి థర్మామీటరు కింద పడింది. గుర్రాలాయన దాన్ని చేతికందిన కొక్కేనికి, అంటే కంప్రెసరు పైనున్న కొక్కేనికి, తగిలించి మళ్ళీ తొక్కించాడు. ఈసారి పదకొండు పెరిగాయి! కొట్టు యజమాని ఆయన్ని కావిలించుకున్నాడు, కాగితంతో ఫొటో దిగాడు, వారం తిరక్కుండా నలుగురిని పంపించాడు. ఊడిన మేకు ఆ తరువాత ఎవరూ కొట్టలేదు. పైగా ఆ కరెక్షన్ లెక్క కట్టడానికి కంప్యూటరులో ఉన్న స్టాండర్డుల్లో ఎక్కువ అంకె ఇచ్చే పాతదాన్ని వెతికి మరీ పెట్టుకున్నాడు. బయట కుండపోతగా వాన కురుస్తున్నా ఆ షెడ్డులో మండువేసవే.

ఎవరైనా ఇదేమిటని అడిగితే ఒంటికాలి మీద లేచేవాడు. "నేనేమన్నా చేత్తో రాశానా? మెషిన్ చెప్పింది!"

ఊరికి అవతలి చివర ఆయన బావమరిదికీ ఒక డైనో ఉంది. ఆ మనిషి కాగితం మీద కొలిచిన అంకె, ఫ్యాక్టర్, స్టాండర్డు, గది వేడి, అన్నీ అచ్చు వేస్తాడు. గుర్రాలు తక్కువిస్తాడని జనం అతనికి పిసినారి అని పేరు పెట్టారు. ఎప్పుడైనా భోజనానికొస్తే అతను, "బావా, నీ గుర్రాలే నయం. గడ్డి కూడా వెయ్యక్కర్లేదు" అనేవాడు. గుర్రాలాయన ముద్ద మింగి, "మీ తమ్ముడికి కుళ్ళు" అని భార్యకు చెప్పేవాడు. ఆవిడ విననట్టు పప్పు వడ్డించేది.

ఇలా రోజులు సుఖంగా వెళ్ళిపోతుండగా కూతురు వచ్చి ఆయన ప్రాణం మీదికి తెచ్చింది.

ఆ పిల్ల అదే షెడ్డులో కార్ల కింద దూరి పని నేర్చుకుంది. ఎనిమిది నెలలు కష్టపడి ఒక పాత చిన్న కారు ఇంజిన్‌ను బోల్టు బోల్టూ విప్పి కొత్తగా కట్టింది. రేసు కార్లు తయారుచేసే ఒక వర్క్‌షాపులో ఒకే ఒక్క ఉద్యోగం పడింది. సొంతంగా కట్టిన ఇంజిన్, దాని డైనో కాగితం తీసుకుని రావాలి. వాళ్ళు తమ డైనో మీద మళ్ళీ కొలుస్తారు. అది ఆమె పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కోరుకున్న ఉద్యోగం.

గుర్రాలాయన స్వయంగా కొలిచాడు. రెండు వందల మూడు! చంకలు గుద్దుకుని, మూడు కాపీలు తీసి, వీధిలో పాలవాడికి కూడా చూపించాడు.

కూతురు కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. "నాన్నా, గది వేడి యాభై రెండా? అంతుంటే ఈపాటికి మనం ఉడికిపోమూ?"

"మెషిన్ చెప్పిందే."

ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

అప్పుడు పట్టుకుంది ఆయనకు భయం. కరెక్షన్ లేకుండా వచ్చింది నూట ఎనభై నాలుగని ఆయనకు తెలుసు. అక్కడివాళ్ళు సరిగ్గా కొలిస్తే ఓ రెండు మూడు కలుస్తాయేమో, అంతే. రెండు వందల మూడు కాగితం పట్టుకెళ్ళిన పిల్లను దొంగ అనుకోరూ? చెప్పేయాలని మూడు రోజులు ఆమె చుట్టూ తిరిగాడు. నోరు తెరిచినప్పుడల్లా ఎవడో ఒకడు షెడ్డులోకొచ్చి, "అన్నా, నీ డైనో అంటే డైనోనే!" అనేవాడు. ఆ ముక్క చెవిన పడగానే ఆయన నోరు దానంతటదే మూతపడేది. వెళ్ళే రోజు పొద్దున కూడా కారు అద్దం పట్టుకుని, "బుజ్జీ, అదీ..." అని నీళ్ళు నమిలాడు.

"ఏంటి నాన్నా?"

"టైర్లలో గాలి చూసుకో."

సిగ్గులేని మనిషి! కూతురి బతుకు కన్నా కొక్కెమే ఎక్కువైపోయింది.

ఆ రోజంతా ఆయన ఒక్క కారూ ముట్టలేదు. సాయంత్రం కారు వీధి మలుపు తిరిగి వచ్చింది. కూతురు దిగింది. మొహం వెలిగిపోతోంది.

"వచ్చింది నాన్నా! సోమవారం నుంచి రమ్మన్నారు."

పోయిన ప్రాణం లేచొచ్చింది. దాని వెంటే నోరూ లేచింది. "చూశారా!" అన్నాడు పక్కింటి వాళ్ళకు వినపడేలా. "నా కాగితమంటే ఏమనుకున్నారు? రెండు వందల మూడు చూసి వాళ్ళ కళ్ళు తిరిగుంటాయి!"

కూతురు జేబులోంచి కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. అది బావమరిది కాగితం. కొలిచింది నూట ఎనభై నాలుగు. గది వేడి ముప్పై. కరెక్షన్‌తో నూట ఎనభై ఏడు.

"మొన్న మామయ్య దగ్గరికెళ్ళి కొలిపించుకున్నా. వర్క్‌షాపువాళ్ళ డైనో మీద నూట ఎనభై ఆరు వచ్చింది. అంకె పెద్దదా చిన్నదా అని వాళ్ళు చూడలేదు నాన్నా. చెప్పినంత ఉందా లేదా అనే చూశారు."

"మరి మిగతావాళ్ళు?"

"నలుగురొచ్చారు. ఇద్దరివి రెండు వందలు దాటిన కాగితాలు. కొలిస్తే ఇరవై గుర్రాలు తేడా. అప్పటికప్పుడు పంపేశారు. అందులో ఒకడు ఏడ్చాడు."

"ఎక్కడివి... ఆ కాగితాలు?"

"మనవే. పైన మన షెడ్డు పేరు చూసి అక్కడ అందరూ నవ్వారు." ఆమె కారు తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడింది. "నేను నీ కూతుర్నని చెప్పలేదు నాన్నా."

అని లోపలికి, తల్లికి కబురు చెప్పడానికి వెళ్ళిపోయింది.

ఆయన షెడ్డులోకెళ్ళి, స్టూలెక్కి, కొక్కెం నుంచి థర్మామీటరు విప్పాడు. గోడకు మేకు కొట్టి దాన్ని ఉండాల్సిన చోట తగిలించాడు. గుమ్మం పక్కన తన సొంత కారు ఫొటో, కింద పెద్ద అక్షరాల్లో రెండు వందల నలభై గుర్రాలు అన్న బోర్డు ఏడేళ్ళుగా వేలాడుతోంది. దాన్ని తీసి గోడకు ముఖం పెట్టి నిలబెట్టాడు.

ఫోన్ మోగింది.

"అన్నా, రేపు బండి తెస్తున్నా. రెండు వందలు దాటుతుంది కదూ?"

"ఉన్నన్నే వస్తాయి బాబూ."

అవతలి మనిషి "అయితే ఇంకో చోట చూసుకుంటాలే అన్నా" అని పెట్టేశాడు.