తెర మీద చినుకులు

మొన్న ఆదివారం చర్చి నుంచి బండి మీద వస్తుంటే వాన పట్టుకుంది. కళ్లద్దాల నిండా చినుకులు పడి దారి కనపడక, నిడదవోలులో మా ఇంటి దాకా నానా తంటాలు పడి వచ్చాను. తల తుడుచుకుని, కాస్త సరదాగా ఉంటుందని కంప్యూటర్లో కారు రేసు పెట్టుకున్నాను. అందులోనూ వానే. చినుకులు తెరకే అంటుకుని జారుతున్నాయి. మలుపు తిరిగితే చాలు, రోడ్డంతా అలికేసినట్టు మసకబారిపోతోంది.

మా ఆవిడ చూసి, "తెర తడిసిందేంటండీ?" అంటూ తువ్వాలుతో తుడవబోయింది.

"అది ఆటలో వాన. నిజంలా ఉండాలని అలా పెట్టారు," అన్నాను.

"నిజం కారుకి వైపర్లుంటాయి కదండీ," అంది.

ఆ ఆట చేసినవాళ్ల మీద నాకు ఒళ్లు మండిపోయింది. సెట్టింగ్స్ అన్నీ వెతికాను. మసక తీసేయడానికి వీలుంది గాని, చినుకులు తీసేయడానికి లేదు. మళ్లీ ఆడబోయి కారుని గోడకి గుద్దేశాక ఆటనే కంప్యూటర్లోంచి తీసిపారేశాను.