బోర్డు మీద మా ఊరు

జమ్మలమడుగులో మా హైస్కూలు నల్లబల్ల మీద రోజూ ప్రార్థనకు ముందు ‘చరిత్రలో ఈ రోజు’ రాయడం సోషల్ టీచరుగా నా పని. ఎక్కడో మంచు ఖండం మీద ఎవడో జెండా పాతాడు, ఎక్కడో రాజును గద్దె దించారు. ఒక పిల్ల మైకులో చదువుతుంది, మిగతావాళ్లు ఎండలో నిలబడి ఆవులిస్తారు.

మా ఊరు జలాశయం నీళ్లలో మునిగిన తేదీ ఈ ఏడు మళ్లీ వచ్చింది. పాత ఇంటి నుంచి పెకలించి ట్రాక్టరులో తెచ్చుకున్న ద్వారబంధం, పునరావాస కాలనీలో మాకిచ్చిన ఇంటి వాకిలికి పట్టలేదు. గోడకు ఆనించి, దాని గడపకే పసుపు రాస్తుంది మా అమ్మ. ఆ పొద్దున పసుపు రాస్తూనే అడిగింది.

“యాడాడో జరిగినవన్నీ రాస్తాండావు గదమ్మే, మనూరు మునిగింది రాయకూడదా?”

నిజమే కదా! బడికి పోయి అన్నిటికంటే పైన అదే రాశాను.

హెడ్మాస్టరు చూశాడు. “ఏంది మేడం ఇది? ప్రపంచంలో జరిగినవి రాయమంటే ఊళ్లో సంగతులు రాస్తాండారు! పై ఆఫీసర్లు వస్తే తిట్లు నాకే గదా.” డస్టరు తీసుకుని ఆ ఒక్క వాక్యమే తుడిచేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. “మా ఊరు ప్రపంచంలో లేదా సార్? యాడో గోడ కూలిస్తే చరిత్ర, ఈడ ఇండ్లకిండ్లు కూలగొడితే ఊళ్లో సంగతా?”

“ఆ నీళ్లతోనే గదా మేడం పులివెందుల కాడ చీనీతోటలు బతుకుతాండేది.”

“బతకనీండి సార్, వద్దన్నది ఎవరు? మునిగిన ఊరి పేరు ఒక్క రోజు బోర్డు మీద ఉంటే నీళ్లు ఇంకిపోతాయా?”

ఆయన చేతిలోంచి డస్టరు లాక్కుని మిగిలిన రాజులనూ జెండాలనూ కూడా తుడిచిపారేశాను. గంట కొట్టారు. చదవాల్సిన పిల్ల ఖాళీ బోర్డు ముందు బిక్కమొహం వేసింది. నేనే మైకు అందుకున్నాను. ఆయన స్విచ్చి కట్టేశాడు. కట్టేసుకో! ముప్పై మందిని అదుపులో పెట్టే గొంతు నాది. మా ఊరి పేరు, పీర్ల చావిడి, మసీదు పక్క బడి, అన్నీ అరిచి చెప్పాను. ఆ రోజు ఒక్కరూ ఆవులించలేదు.

సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ ఎదురొచ్చింది. “చదివినారా?”

“నేనే చదివినామ్మా.”

“పిల్లోళ్లేమన్యారు?”

“ఆ ఊరు ఇప్పుడు యాడుంది మేడం అని ఒక పిల్ల అడిగింది. మునిగిపోయింది, ఇంక లేదని చెప్పినా.”

అమ్మ ముఖం ఎర్రబడింది. హెడ్మాస్టరు మీద నాకు కూడా అంత కోపం రాలేదు.

“లేదని ఎందుకు చెప్పినావే? ఊరు ఆడనే ఉంది. నీళ్లే వచ్చి దాని మీద కూసున్నాయి.”