చెవి మేస్త్రీ చూసిన తెల్ల పట్టీ

మా బాబాయిని వీధి వీధంతా చెవి మేస్త్రీ అనేది. పాత ఫిల్ము కెమెరాలు బాగుచేయడం ఆయన పని. ఎవరు కెమెరా తెచ్చినా వెంటనే విప్పేవాడు కాదు. చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, మీట నొక్కేవాడు. ఆ ‘ఖటక్’లోనే ఆయనకు రోగం దొరికిపోయేది. "తెర ఈడుస్తోంది" అనో, "పళ్ళచక్రం అరిగింది" అనో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే.

అలాంటి మనిషికి ఒక వానాకాలం జ్వరం వచ్చి, పోతూ పోతూ రెండు చెవుల్నీ పట్టుకుపోయింది.

లేచి తిరగగలిగిన రోజే దుకాణానికి వెళ్ళి ఒక కెమెరా చెవికి ఆనించుకున్నాడు. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. వేలికి అదురు తెలిసింది కానీ చప్పుడు లేదు. షాపు మూసి, ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"చెవుల్లేని చెవి మేస్త్రీ ఎవడిక్కావాలే?" అన్నాడు పిన్నితో. పిన్ని ఏదో గట్టిగానే చెప్పింది. ఆయనకు వినబడలేదు.

అలా రోజులు ఈడుస్తుండగా, పక్షుల ఫోటోలు తీసే ఆవిడ వెతుక్కుంటూ ఇంటికే వచ్చింది. ఆవిడ తన కెమెరా పరాయి చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు, బాబాయికి తప్ప. ఆయన మంచాన పడ్డప్పుడు మాత్రం నాలుగు షాపులు తిరగాల్సి వచ్చిందట. కొన్ని ఫోటోలు బల్లమీద పరిచింది. కొంగలు రెక్కలు విప్పి లేస్తున్నాయి. కానీ ప్రతి ఫోటోకీ ఒక అంచున మసి పూసినట్టు నలుపు.

"షట్టరు చచ్చింది, పారేయమంటున్నారండీ. పక్షులొచ్చే కాలం ముంచుకొస్తోంది" అంది.

"ఆయనకిప్పుడు వినబడదమ్మా..." అని పిన్ని అందుకోబోయింది. బాబాయి అప్పటికే ఫోటోలు వెలుతురులోకి పట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు. వాలిన పక్షుల ఫోటోలు శుభ్రంగా ఉన్నాయి. ఎగిరే పక్షులవే నల్లబడ్డాయి.

"వేగంగా తీసినవే పాడయ్యాయి. ఉంచి వెళ్ళమ్మా. చేస్తానని మాటివ్వను గానీ చూస్తాను" అన్నాడు. ఎన్నాళ్ళకో ఆయన గొంతులో మళ్ళీ పని వినబడింది.

ఆ కెమెరా లోపల రెండు నల్లటి గుడ్డ తెరలుంటాయి. మొదటిది పరుగెత్తి దారి తెరుస్తుంది, వెనకే రెండోది పరుగెత్తి మూస్తుంది. వేగం పెంచేకొద్దీ రెంటి మధ్యా సందు సన్నబడుతుంది. ఆ సందులోంచి దూరిన వెలుతురే ఫోటో. రెండు పరుగులూ సమంగా లేకపోతే ఎక్కడో ఒకచోట సందు మూసుకుపోతుంది, అక్కడ నలుపు పడుతుంది. ఇంతవరకూ బాబాయికి తెలుసు. ఏ తెర తప్పు చేస్తోందో, ఎక్కడ చేస్తోందో చెప్పాల్సింది మాత్రం చెవి.

పిన్ని చెవిని అరువు తీసుకున్నాడు. కెమెరా ఆమె చెవి దగ్గర పెట్టి నొక్కి, ఆమె పెదవులకేసి చూశాడు.

"టప్ మంది" అంది పిన్ని.

"టప్పా, టటప్పా?"

"టప్పే!"

"చివర్లో ఈడ్చిందా?"

"ఏమో! అది తెలిస్తే షాపులో నేనే కూర్చునేదాన్ని. నా సీరియల్ మొదలైంది, వదులు!"

పిన్ని వెళ్ళి పాత డబ్బా టీవీ పెట్టుకుంది. వినబడని సీరియల్‌తో పనిలేని బాబాయి పక్కనే కూర్చుని, కెమెరా లెన్సు తీసేసి, వెనక తలుపు తెరిచి, ఊరికే నొక్కుతూ లోపలికి చూస్తున్నాడు. అలా చూస్తుంటే టీవీ కెమెరాకు ఎదురుగా పడింది. నొక్కాడు. మెరుపులా ఒక తెల్ల పట్టీ ఏటవాలుగా కనబడి మాయమైంది. డబ్బా టీవీ బొమ్మను పైనుంచి కిందికి గీత వెంట గీత గీస్తుంది, తెరల సందు దానికి అడ్డంగా పరుగెత్తేసరికి ఆ పరుగు ఏటవాలు పట్టీగా కంటికి పడింది.

మళ్ళీ నొక్కాడు. అదే పట్టీ. ఒక కొసన వెడల్పుగా ఉంది, రెండో కొసకు పోయేసరికి తోకలా సన్నబడి ఆరిపోతోంది. తన సొంత కెమెరా తెచ్చి అలాగే పట్టి నొక్కాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా పట్టీ ఒకే వెడల్పు.

"ఏమేవ్! ఇటు చూడు! కనబడుతోందే, దాని పరుగు కనబడుతోంది!" అని అరిచాడు. పక్కింటివాళ్ళు కంగారుపడి కిటికీలోంచి తొంగిచూశారు.

పిన్ని సీరియల్ వదిలేసి ఒక కన్ను మూసుకుని చూసింది. "ఔను, తోక సన్నగా ఉంది" అంది. ఆ రోజు నుంచి టీవీ ఆమెది కాకుండా పోయింది.

మొదటి తెర చివర్లో వెనకబడుతోంది, రెండోది దాన్ని అందుకుని వెలుతురు మింగేస్తోంది. స్ప్రింగు బిగువు తగ్గిందేమోనని కాస్త బిగించి చూశాడు. పట్టీ ఒకసారి బాగుపడింది, మరుసటిసారి ఇంకా పాడైంది. నొక్కినప్పుడల్లా ఒకో రకం. స్ప్రింగు తప్పయితే ఇలా మాట మార్చదు. బిగువు మళ్ళీ ఎప్పటిలా పెట్టేశాడు.

పైమూత విప్పి, తెర చుట్టుకునే రోలరును వేలితో నెమ్మదిగా తిప్పాడు. చక్కగా జారుతూ వెళ్ళి, ఆఖర్న పట్టినట్టయింది. భూతద్దం పెట్టాడు. ఇరుసు దగ్గర పాత నూనె ఎండి బంకలా పేరుకుంది. పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, బంకంతా కరిగేదాకా తుడిచి, సూదిమొనంత నూనె పెట్టాడు.

టీవీ ముందు నొక్కాడు. పట్టీ కొస నుంచి కొసకు ఒకే వెడల్పు. నొక్కినప్పుడల్లా అదే.

పిన్ని చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆయన చూశాడు.

పక్షుల ఫోటోలావిడ వచ్చి, కెమెరా పట్టుకుని చెరువుగట్టుకు పరుగెత్తింది. ఫిల్ము కడిగించాక చేతిలో ఫోటోతోనే వచ్చింది. నీళ్ళు చిమ్ముకుంటూ లేస్తున్న కొంగ, ప్రతి ఈకా విడివిడిగా, వెనక ఆకాశం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మచ్చలేకుండా. ఫోటో ఆయన చేతిలో పెట్టేసింది.

బాబాయి చాలాసేపు చూశాడు. తర్వాత చొక్కా తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?" అని పిన్ని చెయ్యి తిప్పింది.

"షాపు తెరవొద్దూ?" అన్నాడు. పిన్ని టీవీని ఒక పక్క పట్టుకుంది, ఫోటోలావిడ రెండో పక్క పట్టుకుంది. ఇద్దరి వెనకా తాళంచెవి తిప్పుకుంటూ మా బాబాయి, వీధి అదిరేంత గొంతుతో, "జాగ్రత్త, జాగ్రత్త, మెట్టుంది!" అని అరుస్తూ నడిచాడు.