రంగు చూసి కలిపిన తీగలు

రిటైరు కావడానికి ముందు ఏడాది, దసరా నెలలో నన్ను బెంగళూరు కాడుగోడిలోని ఒక వాహన మార్పుల వర్క్‌షాపుకు సీనియర్ ఎలక్ట్రికల్ ఇంజనీరుగా వేశారు. నా చేతికి వచ్చిన మొదటి పని రత్నమ్మ కారు.

కాటన్‌పేటలో పుట్టిపెరిగిన రత్నమ్మ తన పాత ఎలక్ట్రిక్ కారులో ఒక కంపెనీ ఉద్యోగులను రెండు షిఫ్టులకూ చేరవేసేది. షిఫ్టుల మధ్య దొరికే గంటలోనే కారు చార్జ్ కావాలి. దానికి సరిపోయే పాత ఫాస్ట్ చార్జర్లను చార్జింగ్ స్టేషన్లలో ఒక్కొక్కటిగా తీసేశారు. సోమవారానికి కారు కొత్త చార్జర్‌తో చార్జ్ కాకపోతే ఆమె రూటు ఇంకొకరికి పోతుంది.

సాకెట్ మారిస్తే సరిపోదు. ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు కావాలో కారు అడిగితేనే చార్జర్ ఇస్తుంది. పాత కారు భాష కొత్త చార్జర్‌కు తెలియదు గనుక రెంటికీ నడుమ దుబాసీలాంటి కంట్రోలర్ పెట్టాలి. కరెంటు తెగేలా బ్యాటరీ సర్వీస్ ప్లగ్ తీసి, పది నిమిషాలు ఆగి, వోల్టేజీ సున్నా అని కొలిచాకే అదంతా బిగించాను. మర్నాడు ఆయుధపూజ కావడంతో ఆమె కారును ఇంటికి తీసుకుపోయింది.

శనివారం పరీక్షకు తెచ్చింది. చార్జర్ ప్లగ్‌నే గుర్తించలేదు. మూత తీసి చూస్తే సాకెట్‌లోని సిగ్నల్ పిన్ మీద పసుపూ కుంకుమా ముద్దగా ఉన్నాయి. మూఢాచారాల మీద ఎన్నో సభల్లో వాదించినవాణ్ణి, ఊరుకుంటానా? పిన్ తుడుస్తున్నంతసేపూ విద్యుత్తుకు బొట్టు అక్కరలేదని ఉపన్యసించాను. ఆమె కుర్చీలో కూర్చుని ఓపిగ్గా విన్నది.

మళ్లీ పెట్టాం. ఈసారి ప్లగ్‌ను గుర్తించింది గానీ కరెంటు ఇవ్వలేదు. కారు నుంచి జవాబు లేదని తెరమీద పడింది. ఇంకా కుంకుమ మిగిలిందేమోనని నేను మళ్లీ బట్ట అందుకున్నాను.

“బొట్టు తప్పు నాదే సార్,” అన్నది రత్నమ్మ. “తీగలు కలిపింది మాత్రం నేను కాదు. ఏది ఏదని ఎట్ల తెలిసింది మీకు?”

కారు మాటలను కంట్రోలర్‌కు మోసే రెండు తీగల్లో వోల్టేజీ ఎక్కువుండే ‘హై’ పసుపుదని, తక్కువుండే ‘లో’ పచ్చదని, అన్ని కార్లలోనూ అంతేనని చెప్పాను.

“కొలిచి చూసినారా, నమ్మేసినారా?”

నమ్మేశాను. మీటరు పెట్టి చూస్తే పచ్చ తీగ రెండున్నర వోల్టులకు కాస్త పైన, పసుపు తీగ కాస్త కింద ఉన్నాయి. ఆ కారులో రంగులు తారుమారు. తీగలు మార్చి కలిపాక తెరమీద కరెంటు అంకె మెల్లగా ఎక్కసాగింది.

“సోమవారం డ్యూటీకి పోతా సార్,” అని లేచింది. “మీ ఉపన్యాసం కూడా బాగుండాది.”

ఆ వారమే వర్క్‌షాపు తనిఖీ పత్రంలో ప్రతి తీగ పేరు పక్కనా ‘కొలిచిన విలువ’ అనే గడి చేర్పించాను. ఆ గడి ఖాళీగా ఉంటే సంతకం చేయలేదు, పని చేసింది నేనే అయినా సరే. పరీక్షించకుండా ఒప్పుకున్నది మూఢనమ్మకమే. ఇంజనీరు ఒప్పుకున్నంత మాత్రాన దాని పేరు మారదు.